విస్తర్ల మిషను చూడబోయి చర్ల దాకా

చర్ల పోయి విస్తర్ల మిషను చూసొస్తానని మా జోసెఫ్ బావ పెనుబల్లి నుంచి బయల్దేరాడు. అంతకు ముందే అక్క నాకు ఖమ్మం ఫోన్ చేసింది. "నువ్వూ వెంట పో తమ్ముడూ. చూసి రమ్మను, కొనుక్కుని రావద్దను."

అక్క భయం నాకు తెలుసు. మా వైపు ఒకడు జిరాక్స్ పెట్టి నాలుగు రాళ్లు వెనకేస్తే, ఏడాది తిరిగేలోపు ఆ వీధంతా జిరాక్సులే. బావ ఎప్పుడూ ఆ వరసలో చివరివాడు. జిరాక్సయినా పుట్టగొడుగులయినా, జనం విసుగెత్తాకే దిగేవాడు. ఈసారీ మునిగితే అక్క పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వచ్చేస్తానంది.

ముందు రాత్రే నేను పెనుబల్లి చేరాను. ఉదయం ఆరింటికి అక్కడే భద్రాచలం బస్సెక్కాం. "ఎవరడిగినా సంగతి చెప్పకు. విన్నోడు మనకంటే ముందు పెడతాడు," అన్నాడు బావ నా చెవిలో.

పక్క సీటు మధిర ఆయన మేనకోడలికి సంబంధం చూడటానికి వెళ్తున్నానన్నాడు. కొత్తగూడెంలో ఎక్కిన తల్లాడ ఆయన రాములవారి దర్శనానికన్నాడు. బావ దవాఖానాలో చుట్టం ఉన్నాడని చెప్పి, ఆ లేని చుట్టం జబ్బు పాల్వంచ దాకా వర్ణించాడు.

తొమ్మిదిన్నరకు గోదావరి దాటి భద్రాచలంలో దిగాం. ఇడ్లీలు తిని చర్ల బస్సెక్కేసరికి ఆ ఇద్దరూ అందులోనే కూర్చుని ఉన్నారు. "దర్శనం అయిందా?" అని బావ అడిగితే, "రద్దీ ఉన్నది, వచ్చేటప్పుడు చేసుకుంట," అన్నాడు తల్లాడ ఆయన కిటికీలోంచి చూస్తూ. మధిర ఆయన మాత్రం నిద్ర నటించాడు. ఆ రోడ్డు మీద నిద్ర పట్టడం ఎవరి తరమూ కాదు.

దుమ్ముగూడెం దాటాక పోలీసు క్యాంపు దగ్గర అందరినీ దింపి సంచులు వెతికారు. "ఏ ఊరు, ఎవరింటికి, ఏం పని? గట్టిగ చెప్పుండ్రి," అన్నాడు జవాను. తుపాకీ ముందు అబద్ధం రాదు.

"సమ్మక్కగారింటికండి, విస్తర్ల మిషను చూద్దామని," అని నసిగాడు మధిర ఆయన.

"నేను గూడ గదే," అన్నాడు తల్లాడ ఆయన తల వంచుకుని.

బావ నా వైపు చూసి, "మేమూ అంతే సార్," అన్నాడు.

"అందరు కలిసొచ్చిండ్రా?"

"లేదు," అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

సమ్మక్క నలభై ఏళ్ల కోయ మనిషి. చర్ల చివర రేకుల షెడ్డులో మిషను పెట్టింది. చుట్టుపక్కల గూడేల ఆడవాళ్లు అడవిలో అడ్డాకు కోసి, ఆరబెట్టి, కుట్టి తెస్తే, మిషను వేడి మీద ఒత్తి పళ్లెంలా తీస్తుంది. మేం వెళ్లేసరికి మిషను ఆగి ఉంది. విస్తర్లు మాత్రం పైరేకులు తాకుతున్నాయి.

"చూడుండ్రి," అంది సమ్మక్క. "చూడనీకి మస్తు మంది వస్తున్నరు. కొననీకే ఎవ్వరు వస్తలేరు. ఇంక ఆకు తేవద్దని నిన్ననే చెప్పిన. ఆళ్లకు కూలి లేదు."

మా అందరికీ ఆ విస్తర్లలోనే అన్నం, చింతచిగురు పప్పు పెట్టింది. బావ తిన్నంతసేపూ విస్తరినే చూశాడు. పప్పు ఒక్క చుక్క కారలేదు.

"మిషను నాకొద్దు సమ్మక్కా," అన్నాడు చెయ్యి కడుక్కుని. "మా చర్చి పెళ్లిళ్లలో, క్రిస్మస్ భోజనాల్లో అందరూ ప్లాస్టిక్ పళ్లేలే పెడుతున్నారు, ఇవి దొరక్క. సరుకు నాకివ్వు. పెనుబల్లిలో నేనమ్ముతా."

బావ ఒక పని అందరికంటే ముందు మొదలుపెట్టడం నేను చూడటం అదే మొదటిసారి. వెంటనే, "మధిర వైపు నేనండి," అన్నాడొకాయన. "తల్లాడ, వైరా నాయి," అన్నాడు రెండో ఆయన.

సమ్మక్క బయటి ఆడవాళ్లతో కోయలో ఏదో అంది. వాళ్లు పగలబడి నవ్వారు. ఏమన్నావని అడిగాను. "రేపు ఆకు తెమ్మన్న. ఒకలు కొంటే చాలు, తతిమ్మోళ్లు ఆగలేరని చెప్పిన."

మూడు గంటల బస్సుకు తిరుగు ప్రయాణం. చర్ల వెళ్లేవారు ఆ బస్సు వదులుకోవద్దు, తరవాతి బస్సును నమ్మలేం. మా విస్తర్ల మూటలన్నీ టాపు మీదికెక్కాయి. పక్కవాణ్ని చూసి వ్యాపారం పెట్టే మా ప్రాంతపు అలవాటును నేను ఎప్పుడూ వెక్కిరించేవాణ్ని. ఆ రోజు మాత్రం అడవి అంచున ఆగిపోయిన మిషనును తిప్పింది ఆ అలవాటే.

లగేజీ టికెట్ కొడుతూ కండక్టర్ అడిగాడు. "ఇస్తర్లల్ల బాగ మిగుల్తదా అన్నా? మా మణుగూరుల నేను గూడ పెడ్దామని చూస్తున్న."

"ఏముందన్నా, దండగ పని," అన్నాడు బావ.

"నడుములు పోతాయండి," అన్నాడు మధిర ఆయన.

తల్లాడ ఆయన కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించాడు. "దేవుని దయ ఉంటె పెట్టిన పైసలన్న వస్తయి."