వెంట్రుకలు మొలిచిన సీసా

మొన్న అల్మరా సర్దుతుంటే పాత ఆస్పిరిన్ డబ్బా ఒకటి దొరికింది. మూత తీయగానే గుప్పుమని సిర్కా వాసన, వెనిగర్ పులుపు. మా ఆవిడ "అవతల పారేయున్రి" అంటున్నా వినకుండా, కాసేపు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఒకప్పుడు ఆ వాసనకు నేను భయపడేవాణ్ణి.

మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు మీద, గులాబీ తోటల వెనక మా మందుల ల్యాబ్ ఉండేది. గుండెజబ్బు వాళ్ల కోసం ఆస్పిరిన్‌నూ ఒక బీపీ మందునూ ఒకే మాత్రలో ఇమడ్చడం మా పని. మాత్రలో మందొక్కటే ఉండదు. బరువు కోసం ఒక పొడి, మిషన్‌కు అంటుకోకుండా ఇంకో పొడి కలుపుతారు. వీటికి ఒకదానితో ఒకటి పడుతుందో లేదో ముందే చూడాలి, పెళ్లికి ముందు జాతకాలు చూసినట్టు. కలిపిన పొడులను చిన్న గాజు సీసాల్లో పోసి, వేడీ తేమా ఎక్కువగా ఉండే పెద్ద ఇనుప పెట్టెలో పెట్టేవాళ్లం. మామూలు గదిలో ఏళ్లకు గాని రాని చెడు అందులో కొన్ని వారాలకే బయటపడుతుంది. నేను రెండేసి పొడులనే కలిపి పెట్టాను. అన్నీ కలిపిన సీసా కూడా ఒకటి పెట్టాలని తెలుసు. ఇద్దరిద్దరికీ పొసిగితే నలుగురికీ పొసగదా అని బద్ధకించాను. గడువు అయ్యాక చూస్తే అన్నీ తెల్లగానే ఉన్నాయి. ఏ ఇబ్బందీ లేదని రిపోర్టు రాసి సంతకం కూడా పెట్టేశాను.

ఆ తర్వాత మొదలైంది వాసన. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది, కిటికీలు మూసే ఉంటాయి. అయినా పొద్దున తలుపు తీయగానే ఎవరో నాకంటే ముందే వచ్చి కూర్చున్నట్టు ఆ పులుపు ఎదురొచ్చేది. ఆస్పిరిన్ విరిగితే ఆ వాసన వస్తుందని తెలుసు గనుక, దాచిన సీసాలన్నీ మళ్లీ వెలుతురుకు పట్టి చూశాను. ఒక్కటీ మారలేదు. సైన్సు చదువుకున్నవాణ్ణి, ఒట్టి వాసనకు భయపడుతున్నానని ఎవరితో చెప్పుకోను? సీసాలు కడగడానికి ఆలూరు నుంచి వచ్చే అక్క మీద విరుచుకుపడ్డాను, పచ్చడి తెచ్చి ఎక్కడో పెట్టి మరిచిపోయావని. ఆమె ఏదో చెప్పబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

రెండు వారాల తర్వాత, రిపోర్టు పెద్దసారు చేతికి ఇవ్వబోయే పూట, అక్క నాకు అడ్డం నిలబడింది.

"తిట్టనంటె చెప్త సార్. మీరు కలపంగ మిగిలిన మందులు మోరిల వొయ్యబుద్ధి గాలే. గా నీళ్లు మ్యాకలు తాగుతయ్. గందుకే అన్ని ఒక్క సీసల వోసి మూత వెట్టిన. ఎవ్వలు ముట్టలే సార్. అయినా దానికి ఎంటికలొస్తున్నయ్."

ఇనుప పెట్టె మీద, వెచ్చగా ఉండేచోట, అట్టడబ్బాల వెనక గుడ్డ కప్పి ఉంది ఆ సీసా. గుడ్డ తీసింది. అదే పులుపు గుప్పుమంది. అడుగున పొడి తడిసి టీ రంగుకు తిరిగింది. పైన గాజు లోపలంతా సన్నని తెల్లటి వెంట్రుకలు. చెడిన ఆస్పిరిన్ అట్లా సూదులుగా పెరుగుతుందని నాకు తెలుసు. నేను పెట్టకుండా వదిలేసిన సీసా అదే. నా సంతకంతో ఆ మాత్ర ముందుకు పోయి ఉంటే, ఎవరి గుండె దాన్ని నమ్ముకునేదో!

రిపోర్టు అక్కడే చించేశాను. పద్ధతి ప్రకారం అన్నీ కలిపి మళ్లీ పరీక్ష పెడితే అదీ అట్లాగే చెడింది. పెద్దసారు అరిచాడు గాని, చివరకు రెండు మందులనూ ఒకే మాత్రలో వేర్వేరు పొరలుగా చేయించాడు. అక్కను క్షమించమని అడిగాను.

"నేను రోజు చెప్పనీకే వస్తి సార్. మీరే జర ఆగలే," అంది.

వేడి పెంచి, రాబోయే ఏళ్లను వారాల్లోనే చూడటం నా ఉద్యోగం. నా ఎదుటే ఒక మనిషి భయంతో గడిపిన రెండు వారాలు మాత్రం నాకు కనపడలేదు.