పలక మీద గీత

పొద్దున ఒకమ్మాయి ఫోటోలకు వస్తుందని, ఇప్పుడు నేను నడిపే స్టూడియోలో పలకను తడిగుడ్డతో తుడిచాను. తడిసిన రాయి వాసన గుప్పుమంది. మార్కాపురంలో చదువుకున్న వాళ్ళకు అది బడి వాసన. నాకు మాత్రం షంషాదక్క గుర్తొస్తుంది, ఆమె వెనకే కోపమూ వస్తుంది. అక్క పోయి మూడేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.

షంషాదక్క ఈ ఊళ్ళో ఆడవాళ్ళ కోసం ఫోటో స్టూడియో నడిపింది. వాళ్ళ నాన్న పలకల ఫ్యాక్టరీలో చెక్క చట్రాలు బిగించేవాడట. పెళ్ళిళ్ళు, పాస్‌పోర్టు ఫోటోలు కాక చుట్టుపక్కల చీరల దుకాణాలకూ గాజుల దుకాణాలకూ కూడా ఆమే తీసేది. కొనకనమిట్ల దగ్గరి మా పల్లె నుంచి డిగ్రీ ముగించుకుని పని వెతుక్కుంటూ వచ్చిన నన్ను ఎగాదిగా చూసి, చీర కట్టుకుని కెమెరా ముందు నిలబడతావా అని అడిగింది. ఎగిరి గంతేశాను. పలకా బలపమూ నా చేతికిచ్చి, ఏ పనికి ఒప్పుకున్నావో రాయమంది. గుండ్రటి అక్షరాలతో గొప్పగా 'మోడలింగ్' అని రాశాను. పలక నా చేతిలో ఉండగానే దాన్ని తుడిచేసింది.

"మోడలింగ్ అంటే ఏంది? అది పని పేరు కాదు, గంప. దాంట్లో ఎవుడికి కావాల్సింది వాడు ఏసుకుంటాడు. ఏం చూపిస్తావు, దాన్ని యాడ పెడతారు, అది రాయి. రాసినంక కింద గీత గియ్యి."

ఆ రోజంతా పాఠమే. గాజుల ఫోటోకు చెయ్యి చాలు, ముఖం ఫ్రేములోకి రానక్కర్లేదు. చీరల కేటలాగుకు మనిషంతా కావాలి, అయితే చూపించేది చీరనే. వీధిలో కట్టే ఫ్లెక్సీకి ముఖం కావాలి, అది ఊరంతటికీ ఇచ్చినట్టు, అందుకని దానికి మళ్ళీ వేరుగా అడగాలి. పత్రికల ఫ్యాషన్ ఫోటోల తీరు ఇంకొకటి. నగరాల్లో లోదుస్తుల ఫోటోలకు నిలబడేవాళ్ళూ ఉన్నారంటే నేను ముఖం చిట్లించాను. అది ఆమెకు నచ్చలేదు. అదీ పనేనంది. ఒప్పుకుని నిలబడిన మనిషి మర్యాద ఎక్కడికీ పోదనీ, ఒప్పుకోనిది తీసినవాడి మర్యాదే పోతుందనీ చెప్పింది. ఏ పనికైనా మొదటి ఫోటో ఒకటే, రాసిన పలక పట్టుకుని నిలబడిన అమ్మాయిది.

ఏడాది తిరక్కుండానే ఆ గీత విలువ తెలిసొచ్చింది. నాయన శనగల బేరానికి పొదిలి వెళ్ళి, అక్కడ బస్టాండు దగ్గర నా ముఖం చూశాడు. పసరు మందుల వాడొకడు 'ఆడవారి రహస్య వ్యాధులకు' అని ఫ్లెక్సీ కట్టించాడు. కింద నవ్వుతూ నేను. అది పొదిలిలోని ఒక చీరల దుకాణం కేటలాగుకు దిగిన ఫోటో. నాయన అటునుంచి అటే స్టూడియోకు వచ్చి, "నువ్వెందుకు దిగినావు?" అన్నాడు. అంతే. బట్టలు సర్దుకోమన్నాడు. నా పనీ, నా బతుకూ ఆ పూటతో ముగిసినట్టే అనుకున్నాను. తప్పు చేసినవాడు పొదిలిలో హాయిగా ఉన్నాడు, జవాబు చెప్పాల్సింది మాత్రం నేను. ఇప్పటికీ ఆ ప్రశ్న తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అక్క కంప్యూటరులో మొదటి ఫోటో తెరిచింది. నాయన కూడబలుక్కుని చదివాడు. 'చీర. దుకాణంలో చూపే పుస్తకానికి. ఇంక దేనికీ కాదు.' కింద గీత.

"నీ బిడ్డ రాసింది ఇది అన్నా. దాటినోడు వేరే ఉన్నాడు. ఆ అడిగేదేదో వాణ్ణి అడుగుదాం పా."

ముగ్గురం బస్సెక్కాం. దుకాణం యజమాని కూల్‌డ్రింకులు తెప్పించాడు. మందులవాడు తన బావమరిదేనట, ముచ్చటపడి అడిగితే ఫోటో ఇచ్చాడట. "ఫోటోకి నిలబడిన పిల్లేగదమ్మా, ఇంక దాచేదేముంది?" అని నవ్వాడు. నేను తల దించుకున్నాను. ఎందుకు దించుకున్నానో, నా మీద నాకు ఇప్పటికీ కోపమే. అక్క గొంతు పెంచలేదు.

"నువ్వు దుకాణం ముందర చీరలు ఏలాడదీసినావు. చూడమనే గదా. అట్లని దారిన పోయేటోడు ఒకటి సంకన పెట్టుకుని పోతే ఊరుకుంటావా?"

నాయన కూల్‌డ్రింకు పక్కకు నెట్టి, ఫ్లెక్సీ దించేదాకా అక్కడి నుంచి కదలనన్నాడు. సాయంత్రం లోపే దించారు. తిరుగు బస్సులో నాయన బట్టలు సర్దుకునే మాట ఎత్తలేదు.

కానీ ఆ తర్వాత దుకాణాలవాళ్ళంతా ఒక్కటయ్యారు. అక్కను 'పలకామె' అని వెక్కిరించి, పని ఇవ్వడం మానేశారు. పొదిలి యజమాని పెద్దమనిషిగానే చెలామణి అయ్యాడు, అతణ్ణి ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అక్క చివరిదాకా పాస్‌పోర్టు ఫోటోలతోనే నెట్టుకొచ్చింది. ఒకసారి ఉండబట్టలేక, ఈ పలక మానేస్తే పోలేదా అక్కా అన్నాను. ఆమె పలక నా చేతికిచ్చి కడుక్కు రమ్మంది.

పొద్దున వచ్చినమ్మాయిది కనిగిరి. వెంట ఒక ఏజెంటు. పలక చూసి, మోడల్ అన్నాక అన్నీ ఉంటాయి కదా మేడమ్ అని నవ్వాడు. ఆ నవ్వు నాకు కొత్త కాదు. ఈసారి నేను తల దించుకోలేదు, అతణ్ణే చూస్తూ నిలబడ్డాను. అమ్మాయి 'చెయ్యి. గాజులకు.' అని రాసి ఆగింది.

"ముఖం వద్దంటే పని ఇస్తారా అక్కా?" అని మెల్లగా అడిగింది.

"ఇయ్యకపోవచ్చమ్మా. గీత మటుకు నువ్వే గియ్యాల," అన్నాను.

అమ్మాయి బలపం గట్టిగా అదిమి, ఈ చివర నుంచి ఆ చివరకు గీసింది. పలక కీచుమన్న చప్పుడుకు ఏజెంటు చెవులు మూసుకున్నాడు. నేను కెమెరా ఎత్తి మొదటి ఫోటో తీశాను.