మేజరు గారి పటాలంలో పదోన్నతులు

విశ్రాంత మేజరు కేశవరావు గారికి ఉన్న వ్యసనం ఒక్కటే: కంటబడిన ప్రతి ప్రాణికీ సైనిక హోదా ప్రసాదించడం. ఫ్రిస్కోకు ఉత్తరాన బీడు కొని, ఆ ప్రాంతపు తెలుగువారిలో తొలిసారిగా ఉన్ని గొర్రెల పెంపకం ఆరంభించినప్పుడు, "టెక్సాస్ ఎండల్లో ఉన్ని ఎవరు తొడుక్కుంటారండీ?" అని లోకం నవ్వింది. ఆయన నవ్వలేదు. గొర్రెలన్నిటినీ సిపాయిలుగా నియమించి, కవాతుకు ఆదేశించారు. ఒకదాని వెనుక ఒకటి నడవడం గొర్రెలకు ఎలాగూ వెన్నతో పెట్టిన విద్యే గనుక, ఏ పటాలమూ ఎరుగని క్రమశిక్షణ తొలిరోజే నెలకొంది.

ఒకనాడు కంచె దూకిన పొట్టేలును సంజాయిషీ కోరారు.

"ఏమందండీ?" అని అడిగింది భార్య జ్ఞానప్రసూన.

"మౌనం వహించింది. నేరం అంగీకరించినట్లే."

"పెళ్లయిన దగ్గర్నుంచీ నేను చేస్తున్నదీ అదేగా. నాకూ వేస్తారా శిక్ష?"

"నీవు పౌర ప్రభుత్వానివి ప్రసూనా. నిన్ను విచారించే అధికారం సైన్యానికి లేదు."

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఎండుగడ్డి అరకొరగానే దొరికింది. చలికాలం గట్టెక్కాలంటే ఉన్ని ఇవ్వని ముసలివాటిని వదిలించుకోక తప్పదని జ్ఞానప్రసూన నిశ్చయించింది. ప్లేనోలో ఉండే తెలుగు కుర్రాడు అవినాష్, తన కూతురి పుట్టినరోజు విందుకు గొర్రె కావాలని ఫోన్ చేయగానే, కుంటి గొర్రెను ఇస్తానని మాట ఇచ్చేసింది.

అవినాష్ వచ్చాడు. "ఇదేనా ఆంటీ? స్టోర్ మటన్ అస్సలు బాలేదు. ఫ్రెండ్స్ అందర్నీ ఇన్వైట్ చేసేశా."

"దానిని తాకవద్దు. అది కెప్టెన్," అన్నారు మేజరు గారు.

"ఎప్పట్నుంచండీ?" అంది జ్ఞానప్రసూన.

"ఈ క్షణం నుంచి. ఆఫీసరును కూరకు అప్పగించే నిబంధన సైన్యంలో లేదు."

"పోనీ అంకుల్, ఆ గుడ్డిది?"

"లెఫ్టినెంట్ కల్నల్."

"ఆ పళ్లూడింది?"

"బ్రిగేడియర్. గొంతు తగ్గించు!"

"సిపాయినైనా ఇప్పించండి అంకుల్, ప్లీజ్!"

"సిపాయిలు విధి నిర్వహణలో ఉన్నారు. ఉన్ని ఇస్తున్నారు."

జ్ఞానప్రసూన మందను పరకాయించి చూసింది. ఒత్తుగా ఉన్ని కాసినవన్నీ సిపాయిలే. కుంటివీ, గుడ్డివీ, మూలనపడ్డవీ మాత్రమే అధికారులు. ఈ సైన్యంలో పని చేయలేకపోవడం ఒక్కటే పదోన్నతికి అర్హత అని ఆమెకు అప్పుడు బోధపడింది. భర్త మాత్రం ఆమె కళ్లలోకి చూడకుండా మీసం దువ్వుకుంటున్నారు.

"అవినాష్, విందు ఇక్కడే పెట్టుకోండి," అంది చివరకు. "పనసకాయ బిర్యానీ నేను చేసిపెడతా. గిఫ్టులు వద్దని చెప్పు. ఇంటికో గడ్డిమోపు తెమ్మను."

"గడ్డా? ఆంటీ, మా వాళ్లు నవ్వుతారు!"

నవ్వుతూనే తెచ్చారు. ఆదివారం మధ్యాహ్నం ఆఫీసులకు తిరిగే కార్లన్నీ గడ్డి రాలుస్తూ బారులు తీరాయి. సాయంత్రానికి కొట్టం నిండి, తలుపు మూయడం కష్టమైంది.

అవినాష్ కూతురు అవని కుంటి గొర్రె దగ్గరకు పరుగెత్తింది. "తాతా, కెప్టెన్‌ని టచ్ చెయ్యొచ్చా?"

"ముందు సెల్యూట్."

అవని తండ్రి వంక చూసింది. అవినాష్ బిర్యానీ ప్లేటు ఎడమ చేతికి మార్చుకుని, నోట్లో పనసముక్క నములుతూనే, తాను వండుకుందామనుకున్న గొర్రెకు నిటారుగా నిలబడి వందనం చేశాడు.