వెనక పోసిన నీళ్ళు

మా యూనివర్సిటీ లా ఫ్యాకల్టీలో రోమన్ లా పరీక్ష నాలుగుసార్లు తప్పిన రికార్డు నాదే. ఇప్పటిదాకా ఎవడూ దాన్ని కొట్టలేదు. చదువు మానేశాక అదే భవనం నేలమాళిగలో కాఫీ కొట్టు పెట్టుకున్నాను. డాన్యూబ్‌ నదిలో మనిషంత చేపను ఒంటిచేత్తో లాగానని నేను చెబితే నమ్మకండి. అది గేదె దూడంత ఉంది. సెవ్దా పిన్ని సంగతిలో మాత్రం చిటికెడు ఉప్పు కూడా ఎక్కువ వెయ్యలేదు.

సెవ్దా పిన్ని మా మెట్లు తుడిచే మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో అందరూ చిన్నచూపు చూసే రోమా జాతివాళ్ళ పేట నుంచి మొదటి బస్సెక్కి వస్తోంది. పరీక్షకో కొత్త పనికో బయల్దేరే వాళ్ళ కాళ్ళ ముందు రాగి చెంబుతో నీళ్ళు పొయ్యడం మా ఆచారం. పని నీళ్ళలా సాగిపోతుందని. ఫ్యాకల్టీలో ఆ చెంబు పిన్నిదే.

"నాకూ నాలుగుసార్లు పోశావు. ఏం ఒరిగింది పిన్నీ?" అనేవాణ్ణి.

"నీళ్ళదేం తప్పురా? బండమీద పోస్తే మొలకెత్తుతుందా!"

ఆవిడ ఒక్కగానొక్క కొడుకు ఓర్లిన్‌. వాణ్ణి పద్నాలుగేళ్ళ కిందట రేవు దగ్గర ముగ్గురు కుర్రాళ్ళు కొట్టి నదిలోకి తోశారు. కొడుతున్నంతసేపూ జాతి పేరెత్తి తిట్టారని రేవు కాపలాదారు చెప్పాడు. కేసు కాగితాల్లో మాత్రం 'పోకిరి చేష్ట' అని రాశారు. శవం తేలినప్పుడు కుడికాలికే బూటుంది. ఎడమకాలిది రేవు మెట్ల మీద దొరికితే పిన్ని ఇంట్లో దాచుకుంది.

కిందటి ఫిబ్రవరిలో ఫ్యాకల్టీలో కొత్త ప్రొఫెసర్ ఉద్యోగం పడింది. జాతి పగతో చేసే ద్వేష నేరాల చట్టం చెప్పాలి. అభ్యర్థులు ఇద్దరు. ఏడుగురు పెద్దల ముందు చెరో పాఠం చెబితే ఒకరిని ఎంచుకుంటారు. పిన్ని కళ్ళజోడు మరిచిపోయి, నోటీసు నన్ను చదవమంది.

"కాలినా స్తోయ్చెవా. ద్రాగొమీర్ ప్రెస్లావ్‌స్కీ, మాజీ ప్రాసిక్యూటర్."

పిన్ని చేతిలోని తుడుపుకర్ర కిందపడింది. "మళ్ళీ చదువు."

చదివాను.

"నా బిడ్డ కాగితం మీద సంతకం ఇతనిదే. ఇతనొచ్చి పిల్లలకి ద్వేషమంటే ఏంటో చెబుతాడా? అదే జరిగితే ఈ మెట్లు ఇక నేను ఎక్కలేనురా."

"బెంగపడకు. డీన్ నా మాట కాదనడు," అన్నాను. డీన్ గారికి నా పేరైనా తెలీదు.

పాఠాల రోజు పదింటికి కూడా నదిమీది మంచు మా గుమ్మం దిగలేదు. ముందు కాలినా వచ్చింది. పిన్ని ఆమె కాళ్ళ ముందు నీళ్ళు పోసి, "చల్లగా వెళ్ళు తల్లీ" అంది. ఆమె పాఠం ముగిశాక ప్రెస్లావ్‌స్కీ వచ్చాడు. పిన్నిని పోల్చుకోలేదు.

"ఏమ్మా, నాకు పొయ్యవా నీళ్ళు? నేనేం పాపం చేశాను?" అని నవ్వాడు.

"పోస్తాను బాబుగారూ. ముందు మీరు నడవండి."

అతను మెట్లెక్కాడు. అప్పుడు పోసింది, అతని వెనక.

మా దగ్గర వెనక నీళ్ళు పోసేది ఇంట్లోంచి శవపేటిక కదిలినప్పుడే.

పోసిన నీళ్ళు కిందికి జారాలి కదా. తడి పైకెక్కింది. మెట్టుకో అడుగు. కుడిది బూటు అచ్చు. ఎడమది ఐదు వేళ్ళతో ఉత్త పాదం. అతని వెనకే హాల్లోకి వెళ్ళాయి.

పిన్ని అటు చూడనే లేదు. "కాఫీలు చల్లారిపోతాయి, పో," అంది.

కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళి గోడకి అంటుకుపోయాను. మూడో వరస చివరి కుర్చీలోంచి నీళ్ళు బొట్టుబొట్టుగా కారుతున్నాయి. నది బురద వాసన.

"కొట్టినవాడి మనసులో ఏముందో మనకెలా తెలుస్తుంది?" అంటున్నాడు ప్రెస్లావ్‌స్కీ. గొంతు బాగుంటుంది, ఒప్పుకోవాలి. "తొందరపడి ద్వేషం అనకూడదు. చాలాసార్లు అది వట్టి..."

ఆగాడు. మూడో వరస వైపు చూశాడు.

"చెయ్యి దించండి. ప్రశ్నలు చివర్లో."

అక్కడ ఎవరూ లేరు. పెద్దలు ఏడుగురూ వెనక్కి తిరిగి చూశారు.

మళ్ళీ మొదలుపెట్టాడు. "దించమన్నానా!" అని అరిచాడు. తర్వాత ఎవరో అడుగుతున్నది వింటున్నట్టు తల వంచాడు. వినేకొద్దీ అతని మొహం సున్నంలా పాలిపోయింది.

"అవును," అన్నాడు చాలా చిన్నగా. "కాపలాదారు చెప్పాడు. వాళ్ళు ఏమని తిట్టారో కూడా చెప్పాడు. విన్నాను. రాయలేదు."

కాగితాలు బల్లమీదే వదిలేసి, పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. సాయంత్రంలోగా తన దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. ఉద్యోగం కాలినాకి వచ్చింది.

హాలు తుడవడానికి వచ్చిన పిన్ని గుమ్మంలోనే నిలబడిపోయింది. అడుగులు లోపలికే ఉన్నాయి, బయటికి లేవు. మర్నాడు వార్తాపత్రికలో చుట్టి ఓర్లిన్ ఎడమకాలి బూటు తెచ్చింది. మూడో వరస చివరి కుర్చీ కింద పెట్టింది.

"ఏంటి పిన్నీ ఇది?"

"చలికాలంరా. ఒక్క బూటుతో ఎంత దూరం నడుస్తాడు?"

ఆ మర్నాటి పొద్దున హాలు తాళం తీసింది నేనే. బూటు లేదు. అందరూ నన్నే అనుమానించారు. ఒంటి బూటు నేనేం చేసుకుంటాను? కుర్చీ పొడిగా ఉంది. దాని దగ్గర్నుంచి గుమ్మం దాకా, అక్కణ్ణుంచి మెట్ల మీదుగా కిందికి, నది వైపు తడి అడుగులు. రెండూ బూటు అచ్చులే.

పిన్ని తుడుపుకర్రను గోడకి ఆనించి, అవి వాటంతటవే ఆరిందాకా కింది మెట్టు మీద కూర్చుంది.