అప్పయమ్మ ఊడ్చిన జీడితోట

అప్పయమ్మ జీడితోటలో నేల మీదే అన్నం వడ్డించుకు తినొచ్చని నాతవరం ఆటోల్లో ఆడవాళ్లు చెప్పుకునేవారు. అందులో అబద్ధం లేదు. జీడిపిక్కలు రాలే ముందు చెట్ల కింద ఊడ్చడం ఆ మెట్టమీద అందరూ చేసే పనే. ఆకుల్లో పడిన పిక్క దొరకదు. అప్పయమ్మ మాత్రం చెట్టు లేనిచోట కూడా ఊడ్చి, ఆకంతా పోగేసి అంటించి, బూడిద చల్లారేదాకా నడుం మీద చేతులేసుకుని చూసుకునేది. పక్క తోట సింహాద్రి ఆవిడకు వరసకు మేనల్లుడు, నలభై దాటిన బద్ధకస్తుడు. "నీది తోటేటిరా, పందుల దొడ్డా? ఊడ్సి కాల్సు" అని వాడి పరువు తీయని రోజు లేదు.

ఆవిడ బాధల్లా ఒక్కటే. తుపానుకి కూలిన చెట్ల స్థానంలో పెట్టిన అంటుమొక్కలు బతకడం లేదు. వానల్లో చిగురేస్తాయి, ఎండల్లో మాడిపోతాయి. మూడేళ్లుగా ఇదే వరస. ముసలి చెట్లు కాపు తగ్గించేశాయి; ఇవి నిలబడకపోతే తోట ఆవిడతోనే సరి. అందుకే ఈ ఏడు కింద పారే గెడ్డ నుంచి బిందెలతో నీళ్లు మోసింది. పొద్దున పోసిన నీళ్ల జాడ మధ్యాహ్నానికి ఉండేది కాదు. నేల మీద కాలు పెడితే పెనమే.

ఇంతలో మోకాలు పట్టేసింది. సింహాద్రి గట్టు పక్కనున్న తన చివరి వరస దాకా నడవలేక, అక్కడ ఊడవనూ లేదు, నీళ్లూ పోయలేదు. వాడి తోట ఆకు గాలికి కొట్టుకొచ్చి అక్కడి మొక్కల మొదళ్లను కప్పేసింది. కాలు సర్దుకున్నాక చీపురు పట్టుకుని, వాణ్ని తిట్టుకుంటూ వెళ్లింది. చూస్తే ఆ వరసంతా పచ్చగా ఉంది. ఆకు తప్పించి వేలు గుచ్చింది. మట్టి చల్లగా, తడిగా అంటుకుంది. నీళ్లు పోసిన వరసల్లో గుచ్చితే వేలు దిగలేదు. సిగ్గేసింది.

కొన్ని మొక్కల్లో ఇంకా ప్రాణం ఉంది. వాటికి కప్పుదామంటే తన తోటంతా గాలించినా గుప్పెడు ఆకు లేదు. గంప తీసుకుని గట్టు దాటింది.

సింహాద్రి తోట అద్దంలా ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మూలమూలలా ఊడ్చి, ఆకంతా కుప్ప పోసి, అగ్గిపుల్ల గీయబోతున్నాడు.

"సూడత్తా, నీ తోట కన్నా సుబ్బరంగా లేదేటి?"

అప్పయమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. "అంటించకు. ఆ ఆకు నాకియ్యి."

"కాల్సమని నువ్వే కదా అన్నావు?"

"నానే అన్నాను. నా మొక్కలు నీల్లు లేక సావలేదురా. నానే ఊడ్సి ఊడ్సి సంపుకున్నాను."

సింహాద్రి అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని, గంపలోకి ఆకు ఎత్తడానికి వంగాడు.