టెంక ఎవరిది?

మామిడిపండ్ల పెట్టె ఇంట్లోకి వచ్చిందంటే నేను ఒకచోట కూర్చోలేను. ఈ ఉదయం బంగారుపాళ్యం నుంచి తెలిసినాయన రకానికి నాలుగు కాయలు పేర్చి బస్సులో వేసి పంపిన పెట్టెను తిరుపతి బస్టాండులో దించుకొని, ఇంటికి తెచ్చి మూత తీసేసరికి మల్గోబా వాసన గుప్పుమంది. అంతే, వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి వంటింట్లోకి కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాను. ఏడాదిగా మా దగ్గరే ఉంటున్న మా అక్క, కుర్చీలోంచి నన్నే చూస్తోంది. ఈ పెట్టె ఆమె ముందు పెట్టాలా, వద్దా? పెడితే, ఇవేమిటో కూడా తెలియని చూపు చూస్తుందేమోనని నా భయం.

మా నాయనకు బంగారుపాళ్యం దగ్గర మూడెకరాల మామిడితోట ఉండేది. ఎండాకాలం సెలవులన్నీ మాకు కాయలు మాగబెట్టే గదిలోనే గడిచేవి. నేలంతా వరిగడ్డి పరిచి, కాయలు వరసగా పేర్చి, మళ్లీ గడ్డి కప్పి, పైన గోనెపట్టాలు వేసేవాళ్లు. నాలుగోనాడు తలుపు తీస్తే వెచ్చటి తీపి ఆవిరి ముఖానికి కొట్టేది, గడ్డి నలుసులు చెమట మెడకు అంటుకొని ఒకటే దురద, ఈగల రొద, బయట అమ్మ సంగటి కెలుకుతున్న చప్పుడు. ఆ గదిలో మాదొక ఆట. నాయన తుండుగుడ్డతో కండ్లు కట్టుకొని, ముక్కు దగ్గర పెట్టిన కాయ ఏదో చెప్పాలి. బేనీషా, ఖాదర్, బెంగళూరా, నీలం, మల్గోబా... అక్క ఏనాడూ తప్పు చెప్పలేదు, నేనేమో పదికి ఆరు తప్పేదాన్ని. ఓడిపోతే నాకు ఒళ్లు మండేది. ఒకరోజు నీలం కాయకు మల్గోబా రసం బాగా పట్టించి ఆమె ముక్కు దగ్గర పెట్టాను. అక్క వాసన చూసి, తొడిమ దగ్గర బొటనవేలితో తడిమి, ఫక్కున నవ్వింది.

"నీలానికి మల్గోబా రసం పూసినావు గదే దొంగదానా! ముక్కును మోసం జేసినావు గానీ నా యేలును మోసం జేసేది మరిసినావే!"

నాయన పడీపడీ నవ్వాడు. నేను ఏడ్చాను. అప్పుడు అక్క పండు కోసి, రెండు వైపులా పెద్ద ముక్కలు అందరికీ పెట్టి, టెంక నా చేతిలో పెట్టింది. అందరూ ముక్కలకు కొట్టుకునేవాళ్లు, నాకు మాత్రం పీచు తెల్లబడేదాకా టెంక చీకడమే ఇష్టం. అక్క నాకది అడక్కుండానే ఇచ్చేది. "టెంక దీనిది. ఎవురూ ముట్టుకోబాకండి" అనేది.

మూడేళ్ల కిందట అక్కకు పేర్లు పోవడం మొదలైంది. ముందు ఖాదర్ పోయింది, తరవాత నీలం పోయింది. అన్నీ మామిడిపండ్లే అయ్యాయి, ఆపైన ఉత్త పండ్లు, ఇప్పుడేమో "అది". నేనూ అదే దారిన దిగుతూ వచ్చాను. ముందు విజీని, తరవాత చెల్లిని, ఇప్పుడు "ఈ యమ్మ"ని. డాక్టరు ఓపిగ్గా చెప్పాడు: మెదడులో ఒక వస్తువు ఒక్కచోటే ఉండదట. రంగు ఒకచోట, వాసన ఒకచోట, చేత్తో ఎలా పట్టాలో ఇంకోచోట, పేరు వేరొకచోట ఉంటాయట. వాటన్నిటినీ కలిపి ముడివేసే చోటు అక్కకు సన్నగిల్లుతోందట. "మరి నేనెక్కడున్నాను డాక్టరుగారూ?" అన్నాను. "మనుషులూ ఒక్కచోటే ఉండరమ్మా" అన్నాడాయన.

నాకా ఓపిక తక్కువ. చిన్నపిల్లల పండ్ల చార్టు కొనుక్కొచ్చి గోడకు తగిలించి రోజూ పాఠం చెప్పాను. ఒకరోజు తిక్క రేగి, "మామిడి అక్కా, మామిడి! మన తోట!" అని అరిచాను. అక్క బెదిరిపోయి, నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఛీ, నా బతుకు! చార్టు చించిపారేశాను.

ఎన్నిసార్లని తిరగను? ఇక ఉండబట్టలేక పెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టాను. మా ఆయన కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. అక్క కాసేపు ఊరికే చూసింది. తరవాత, ఎవరూ గుడ్డ కట్టకుండానే కండ్లు మూసుకుంది. ఒక్కో పండునే ముక్కు దగ్గర పెట్టుకొని, తొడిమ దగ్గర బొటనవేలితో తడిమి, నేలమీద కుప్పలు పెట్టింది. బేనీషాలు ఒకవైపు, ఖాదర్లు ఒకవైపు, మల్గోబాలు ఒకవైపు. ఒక్క పేరూ నోట రాలేదు, ఒక్క కాయా తప్పు కుప్పలో పడలేదు. నేను చాకు తెచ్చి కోయబోతే నా చేతిలోంచి లాక్కుంది. తనే ఒక మల్గోబా కోసి, మా ఆయన ముందు పళ్లెంలో పెద్ద ముక్కలు పెట్టి, నావైపు తిరిగింది.

"ఎవురమ్మా నువ్వు?" అంది, కొత్తమనిషిని అడిగినంత మర్యాదగా.

కాయలు మాగబెట్టే ఆ గది ఏనాడో కూలిపోయింది, తోట ఉన్నచోట గుజ్జు ఫ్యాక్టరీ లారీలు నిలుస్తున్నాయి, గడ్డిలో మాగిన పండు అంగళ్లలో దొరకదు, ఇప్పుడు నా పేరు కూడా లేదు. ఏమని చెప్పను? నేను నోరు తెరిచేలోపే అక్క నా చెయ్యి పట్టుకొని, అరచేతిలో టెంక పెట్టింది.

"తినుమ్మా. ఇది నీదే."

పొద్దుటినుంచి మొదటిసారి కూర్చున్నాను. అక్క కాళ్ల దగ్గర, నేలమీద. పీచు తెల్లబడేదాకా చీకాను.