బుడ్డిదానికి మాత్రం మందు

మా అత్త ఎవరు ఎదురొచ్చినా ముందు కళ్లలోకి చూస్తుంది. ప్రేమతో అనుకునేరు! కింది రెప్ప లోపల ఎరుపుందా, పాలిపోయిందా అని. నేను కాపురానికొచ్చిన మొదటిరోజే నా రెప్ప లాగి చూసి, "రక్తం తక్కువే పిల్లా" అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ భయం ఊరికే రాలేదు. ఒక వానాకాలం, కడుపులో నట్టలు, అదే రక్తం తాగే పురుగులు, పడి పద్దెనిమిది గొర్రెపిల్లలు వారంలో పోయాయట. అప్పట్నుంచి పదిహేను రోజులకోసారి మందంతటికీ నట్టల మందు పోసేది. పోయగా పోయగా నట్టలు ఆ మందుకు చావడం మానేశాయి.

నిరుడు పశువుల డాక్టరు వేరే మందు ఒక్క సీసా ఇచ్చాడు.

"అన్నిటికీ పొయ్యకమ్మా. రెప్ప పాలిపోయినవాటికే పొయ్యి. మిగతావాటికి కడుపులో నాలుగు నట్టలున్నా ఉండనీ. మేస్తూ మేస్తూ తట్టుకోవడం ఒళ్లే నేర్చుకుంటుంది."

"ఉండనివ్వాలా? నీకేం బాబూ, చెప్పి పోతావ్!" అంది అత్త.

అయినా విన్నది. రోజూ పొద్దున్నే దొడ్డిలో కూర్చుని ఇరవై రెండు పిల్లల రెప్పలూ లాగి చూసేది. ఒకటి నీళ్లలా పారుకుంటే ఆ పూట అన్నం ముట్టేది కాదు. "అత్తా, నీకే పోస్తా ఆ మందు" అని నవ్వేదాన్ని. నవ్వుతూనే నేనూ పిల్లల్ని లెక్కపెట్టుకునేదాన్ని. నాకూ గుండెల్లో రాయి పడింది మరి.

వానలు ముదిరాయి. మూడింటికి రెప్ప పాలిపోతే మందు పోశాం, తేరుకున్నాయి. మిగతావి మందు లేకుండానే నిలబడ్డాయి. అన్నిట్లోకీ బొద్దుగా ఉన్నది బుడ్డిది. తల్లి చచ్చిపోతే అత్త పాలసీసాతో పెంచిన పిల్ల అది.

ఒకరోజు బుడ్డిది మేతకు లేవలేదు. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోంది. రెప్ప లాగితే సున్నం తెలుపు. మందుకోసం పరుగెత్తాను. సీసా ఖాళీ.

"అత్తా, మందేదీ?"

"దానికే పోశానే. పదిహేను రోజులకోసారి, మీకెవరికీ తెలియకుండా. నెల కిందట అయిపోయింది." బుడ్డిదాన్ని ఒళ్లోకి తీసుకుంది. "తల్లిలేనిది కదే, భయమేసింది."

ఇన్నాళ్లూ మందే కాపాడుతూ వచ్చింది గనక, మిగతావాటి ఒళ్లు నేర్చుకున్నది దీని ఒళ్లు నేర్చుకోనేలేదు. డాక్టరు వచ్చేసరికి అత్త ఒడిలోనే పోయింది. నాకు ఆమెమీద కోపమొచ్చింది. అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది.

ఈ ఏడాది గొర్రెపిల్లలు పుట్టగానే అత్త మందుపెట్టె తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"నేనడిగినా ఇవ్వకు. కాళ్లు పట్టుకున్నా ఇవ్వకు."

తొలివాన పడిన మర్నాడే అడిగింది. ఒక పిల్ల రెప్ప పాలిపోయిందట. వెళ్లి చూశాను. ఎర్రగానే ఉంది.

"ఇవ్వను" అన్నాను.

అన్నానే గానీ, ఆమె అటు తిరగ్గానే ఆ పిల్ల రెప్ప మళ్లీ లాగి చూశాను.